పేరు పేరునా తెలిసిన ఊరు

(కొత్తగా ఎన్నికైన సర్పంచులు, వార్డు సభ్యులు, పంచాయతీ కార్యదర్శుల కోసం నల్గొండలో జరిగిన సమావేశంలో, పంచాయతీరాజ్ శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న కొత్త సర్పంచ్ అక్కలకు, అన్నలకు, వార్డు సభ్యులకు, వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ కార్యదర్శి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను.

నాకిచ్చిన విషయం ఏమిటంటే, వాతావరణం మారిపోతున్న ఈ రోజుల్లో సముద్ర తీరంలోని పంచాయతీలు ఎట్లా సిద్ధమవుతున్నాయన్నది. పొద్దున బయట చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు అడిగాడు, "సార్, మనకు సముద్రమే లేదు కదా, ఈ ముచ్చట మాకెందుకు?" అని. సరైన ప్రశ్నే. నల్గొండ వాళ్లు సముద్రం చూడాలంటే బాపట్ల దాటి సూర్యలంక పోవాలి. పాలమూరు వాళ్లకు ఇంకా దూరం. అందుకని ముందు ఆ ప్రశ్నకే జవాబు చెప్పి తర్వాత అసలు సంగతికి వస్తాను.

2020 అక్టోబర్ 13 పొద్దున కాకినాడ దగ్గర ఒక వాయుగుండం తీరం దాటింది. అదే రోజు రాత్రి హైదరాబాద్ మునిగింది. కాలనీల్లో పడవలు తిరిగాయి. ఆ నీళ్లన్నీ మూసీలో పడి, మన ఊళ్లను ఒరుసుకుంటూ వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిశాయి. 2024 ఆగస్టు 31 అర్ధరాత్రి ఇంకో వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటింది. కళింగపట్నం ఎక్కడ, కోదాడ ఎక్కడ! సెప్టెంబర్ 1న కోదాడ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. నడిగూడెం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఖమ్మంలో మున్నేరు ఇళ్లలోకి వచ్చింది. నిన్నగాక మొన్న, 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను ఆంధ్ర తీరం దాటితే, మర్నాడు మునిగింది వరంగల్. 1908 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో వేలమందిని మింగిన మూసీ వరద కూడా బంగాళాఖాతంలో పుట్టినదే.

అంటే సముద్రం మనకు దూరంగా ఉందే గాని, సముద్రం మీద పుట్టేది మన ఊరి చెరువు దాకా వస్తూనే ఉంది. తీరంలో గాలి, ఉప్పెన. మన దగ్గరికి వచ్చేసరికి గాలి తగ్గి వాన మిగులుతుంది. ఆ వాన ఇప్పుడు ఎందుకింత కుండపోతగా పడుతోందంటే, గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే అది దాదాపు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. సముద్రం వేడెక్కింది, ఆవిరి పెరిగింది, మోసే గాలికి సత్తువ పెరిగింది. దింపినప్పుడు ఒకేచోట, ఒకే రాత్రి దింపేస్తోంది. నెలంతా పడాల్సిన వాన ఒక్క రోజులో పడితే, చెరువులో ఎక్కువైన నీళ్లు పొర్లిపోవడానికి మన తాతలు కట్టిన మత్తడికి ఆ లెక్క తెలియదు.

ఇక తీరం సంగతి.

1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన ఇక్కడున్న పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. సుమారు పదివేల మంది పోయారు. నీళ్లు తాటిచెట్టులో సగం ఎత్తున వచ్చాయని చెప్పేవాళ్లు. 1990 మే నెలలో తీవ్రతలో దానికేమీ తీసిపోని తుఫాను మళ్లీ కృష్ణా డెల్టా మీదికే వచ్చింది. అప్పుడు పోయినవాళ్లు వెయ్యిలోపే. అది కూడా తక్కువేం కాదు, ఒక్కో ప్రాణమూ ఒక ఇల్లే. కాని పదివేలకూ వెయ్యికీ మధ్య ఉన్నది గాలి వేగంలో తేడా కాదు. ముందే చెప్పారు, ముందే ఖాళీ చేయించారు. అదీ తేడా. ఒడిశా ఇంకా పెద్ద దెబ్బ తిని నేర్చుకుంది. 1999 అక్టోబర్ 29 సూపర్ సైక్లోన్‌లో అక్కడ పదివేలమంది దాకా పోయారు. ఆ ఏడాదే విపత్తుల కోసం ప్రత్యేక సంస్థ పెట్టుకున్నారు. తీరం పొడుగునా తుఫాను షెల్టర్లు కట్టారు. షెల్టర్ చూసుకోవడానికి ఊళ్లోవాళ్లతోనే కమిటీ. తాళంచెవి ఎవరి దగ్గర, జనరేటర్ ఎవరు తిప్పుతారు, వంట ఎవరు, బాలింతలను ఏ గదిలో ఉంచాలి, అన్నీ ముందే పంచుకుంటారు. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు దాదాపు పది లక్షలమందిని కదిలించారు. చనిపోయినవాళ్లు యాభై దాటలేదు.

పది లక్షలమందిని కదిలించింది ఎవరు? కలెక్టర్ ఆర్డర్ ఇస్తాడు, బస్సులు పంపుతాడు. మంచంలో ఉన్న ముసలాయన దగ్గర కూర్చొని "తాతా, లే, పోదాం, గొడ్డును నేను చూసుకుంటా" అని నచ్చజెప్పేది మాత్రం వార్డు మెంబరే. ఆశ కార్యకర్తే. పక్కింటి పిల్లగాడే.

ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి కాదు. 1996 నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద తుఫాను విరుచుకుపడింది. వెయ్యిమందికి పైగా పోయారు. అప్పుడు ఉమ్మడి రాష్ట్రం. మండల పరిషత్ ఆఫీసులో చిన్న ఉద్యోగం నాది. సహాయ పనులకని జిల్లాల నుంచి కొందరిని పంపితే నేనూ పోయాను. ఇక్కడ పుట్టి పెరిగినవాణ్ణి, చెట్టంటే నాకు తుమ్మ, తాడి, వేప. అక్కడ కొబ్బరిచెట్లన్నీ ఒకేవైపు పడుకొని ఉన్నాయి, దువ్వెన పెట్టి దువ్వినట్టు. రెండు రోజులు కళ్లు మూసుకుంటే అదే కనబడేది.

మమ్మల్ని పంపిన ఊళ్లో పంచాయతీ ఆఫీసు రేకులు లేచిపోయాయి. బీరువా మాత్రం నిలబడే ఉంది. బిల్లు కలెక్టర్ ఒకాయన, యాభై దాటిన మనిషి, ఇంటి పన్ను రిజిస్టర్‌ను బీరువాలోంచి తీసి ఎండలో ఆరబెడుతున్నాడు. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతే కొబ్బరి ఈనెతో మెల్లగా విడదీస్తున్నాడు. మేం బియ్యం పంచుదామని ఉరుకులు పరుగుల మీద వస్తే, ఈయన పన్ను పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడేమిటని నాకు మండిపోయింది. పైకి ఏమీ అనలేదు.

సాయంత్రానికి అర్థమైంది. ఆ పుస్తకం పట్టుకొని ఆయన ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఇంటి నంబరు చదువుతాడు, "అందరూ ఉన్నారా?" అని అడుగుతాడు, పెన్సిల్‌తో గీత పెడతాడు. ఇల్లే మిగలని చోట కూడా ఆగి నిలబడతాడు. ఇక్కడ ఫలానావాళ్లుండాలి, ముసలమ్మకు చూపు ఆనదు, కోడలు పురిటికి పుట్టింటికి పోయింది, కొడుకు రొయ్యల చెరువు కాపలాకు పోతాడు అని మాకు చెబుతాడు. రిజిస్టర్లో ఉన్నది యజమాని పేరు, పన్ను బాకీ, అంతే. మిగిలిందంతా ఆయన తలలో ఉంది. రొయ్యల చెరువు వైపు మనుషుల్ని పంపింది ఆయన చెప్పాకే. గట్టు మీద కూలిన పాక కింద ఒకతను దొరికాడు. కాలు విరిగి ఉంది, మాట రావడం లేదు, కాని ప్రాణంతో ఉన్నాడు.

ఆ రోజు నుంచి నాకు సన్నద్ధత అంటే గుర్తొచ్చేది ఎండలో ఆరుతున్న ఆ రిజిస్టరే. ఊళ్లో ఎవరున్నారు, ఎవరు నడవలేరు, ఎవరు రాత్రిపూట ఎక్కడ పడుకుంటారు, ఇవి తెలిసినవాడు ఒకడుండాలి. ఆయన తలలో ఉన్నది కాగితం మీదికి రావాలి. ఎందుకంటే ఆయన కూడా ఆ రాత్రి పోయి ఉంటే ఆ ఊరికి లెక్కే లేదు.

తీరంలో ఈ పని ఎంత దూరం పోయిందో రెండు ఉదాహరణలు చెప్తాను. ఒడిశాలో వెంకటరాయ్‌పూర్ అని గంజాం జిల్లాలో ఒక ఊరు, నోలియాసాహి అని జగత్‌సింగ్‌పూర్ జిల్లాలో ఇంకోటి. బెస్తవాళ్ల ఊళ్లు. 2020లో యునెస్కో కింద ఉండే సముద్ర శాస్త్ర సంఘం ఈ రెండింటినీ సునామీకి సిద్ధంగా ఉన్న ఊళ్లుగా గుర్తించింది. దేశంలో అవే మొదటివి. ఆ గుర్తింపు రావాలంటే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపే మ్యాపు ఊళ్లో ఉండాలి, ఎటు పరుగెత్తాలో దారి పొడుగునా బోర్డులుండాలి, హెచ్చరిక రాత్రి రెండింటికి వచ్చినా అందుకునే మనిషి ఉండాలి, అందరూ కలిసి రిహార్సల్ చేయాలి. ఇంకో మాట. ఆ ఊళ్లకు సునామీ హెచ్చరిక పోయేది మన హైదరాబాద్ నుంచే. ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. 2004 సునామీ తర్వాత, 2007 నుంచి హిందూ మహాసముద్రం మీద రాత్రింబగళ్లు కన్నేసి ఉంచే కేంద్రం అక్కడే నడుస్తోంది. సముద్రం లేని మన రాష్ట్రంలో కూర్చొని వాళ్లు కాపలా కాస్తున్నారంటే నాకు గర్వంగా ఉంటుంది.

రెండోది కేరళ. ఎర్నాకుళం జిల్లాలో పుత్తన్‌వేలిక్కర అనే పంచాయతీ ఉంది. అక్కడ తుఫాను లేకపోయినా, పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీళ్లు ఇళ్లలోకి వస్తాయి. ఏడాదేడాదికీ ఎక్కువవుతోంది. అక్కడి ఆడవాళ్లకు క్యాలెండర్లు ఇచ్చారు. నీళ్లు ఏ రోజు వచ్చాయి, ఎంత ఎత్తు వచ్చాయి, ఇంట్లో ఎక్కడిదాకా వచ్చాయి, వాళ్లే రాసుకున్నారు. మాకు కష్టంగా ఉంది సార్ అని అడగడం వేరు, ఇదిగో ఇన్ని రోజులు, ఇంత ఎత్తు అని లెక్క ముందు పెట్టి అడగడం వేరు. ఇట్లాంటి క్యాలెండర్ మన మూసీ ఒడ్డు ఊళ్లలో, పాలేరు ఒడ్డు ఊళ్లలో ఎవరైనా రాస్తున్నారా? వరద వచ్చిన ఏడాది గోడ మీద బొగ్గుతో గీసిన గీత కూడా సున్నం కొట్టి చెరిపేస్తాం.

పక్కకు పోతున్నాననుకోకండి, ఇది కూడా చెప్పాలి. తీరం కష్టంలో మన వాటా కూడా ఉంది. నది తెచ్చే ఒండ్రుతోనే డెల్టా నిలబడుతుంది. ఆ ఒండ్రు ఇప్పుడు ఎక్కడుంది? నాగార్జునసాగర్ కట్టినప్పుడు నిల్వ 408 టీఎంసీలు, ఇప్పుడు 312. శ్రీశైలం 308 ఉండేది, 215 అయింది. ఆ తగ్గిన చోటంతా మన్నే. మనకు నీళ్ల నిల్వ తగ్గింది, కింద డెల్టాకు మన్ను రావడం తగ్గింది. ఒక పక్క సముద్రమట్టం పెరుగుతోంది, ఇంకో పక్క నేలకు కొత్త మన్ను చాలడం లేదు. దివిసీమలో ఒక సర్పంచ్ తన ఊరి గట్టు కోతకు గురవుతోందని మొత్తుకుంటే, ఆ కోతకున్న కారణాల్లో ఒకటి మన జిల్లాలో ఉంది. దానికి మీరూ నేనూ ఏం చేయలేం, అది పెద్దల స్థాయి లెక్క. కాని తెలిసి ఉండాలి.

తీరం వాళ్లు మన దగ్గర కూడా ఉన్నారు. సాగర్ వెనక నీళ్ల ఒడ్డున వైజాగ్ కాలనీ ఉంది, ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. డ్యామ్ వచ్చాక విశాఖ వైపు నుంచి చేపలు పట్టడానికి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు. ఇప్పుడు అందరూ సెలవు రోజుల్లో చేపల కూరకు పోతున్నారు. నేను పోయినప్పుడు ఒక పెద్దాయనతో కూర్చున్నాను. ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికలు ఒకటో నంబరు నుంచి పదకొండో నంబరు దాకా ఉంటాయి. ఏ నంబరుకు పడవ ఆపాలి, ఏ నంబరుకు వల గట్టెక్కించాలి, ఏ నంబరుకు ఇల్లు విడవాలి, ఆయనకు చిన్నప్పుడే నేర్పారట. బడికి పోలేదు, నంబర్లు మాత్రం నోటికొచ్చు.

ఇప్పుడు మనం. మనకూ ఫోన్లో మెసేజ్ వస్తుంది. పసుపు, నారింజ, ఎరుపు రంగులు. టీవీలో రెడ్ అలర్ట్ అంటారు. చేతులెత్తమని అడగను గాని, ఎరుపు అంటే మీ ఊళ్లో ఎవరు ఏం చేయాలో రాసిపెట్టి ఉందా? హెచ్చరిక రాకపోవడం మన సమస్య కాదు. మండలాల్లో ఆటోమేటిక్ వర్షమాపకాలున్నాయి, రాష్ట్రం మొత్తం మీద వెయ్యికి పైనే. సమాచారం మండలం దాకా బ్రహ్మాండంగా వస్తోంది. మండలం నుంచి గడప దాకా వచ్చే ఆ చివరి రెండు మూడు కిలోమీటర్లే ఖాళీ. అది పంచాయతీ పని. తీరంలో నంబరు ఎగిరితే కాళ్లు కదులుతాయి. మన దగ్గర ఫోన్ మోగితే స్టేటస్ పెట్టుకుంటున్నాం.

2024లో ఆ రాత్రి మా ఊళ్లో జరిగింది చెప్తాను. ఊరి పేరు వద్దు. అప్పటికి పంచాయతీల పదవీకాలం అయిపోయి ఏడు నెలలు, ప్రత్యేకాధికారుల పాలన. ఆగస్టు 31 శనివారం. పొద్దుటి నుంచీ పట్టిన ముసురు, చీకటి పడ్డాక ఆగకుండా దంచింది. రాత్రి పదకొండున్నరకు కింది వాడలో నీళ్లు గడప ఎక్కాయి. కరెంటు పోయింది. అందరం బడికి పోదామన్నారు. ఊళ్లో ఎత్తు మీద ఉన్న పక్కా బిల్డింగ్ అదొక్కటే. పోతే తాళం. చెవి అటెండర్ దగ్గర, ఆయన ఉండేది పక్క ఊళ్లో, మధ్యలో వాగు. ఇరవై కుటుంబాలు వానలో వరండా కింద నిలబడ్డాయి, చంకల్లో పిల్లలు. చివరికి ఒకతను గడ్డపారతో తాళం పగలగొట్టాడు. పగలగొట్టేముందు "రేపు నా మీద కేసు పెట్టరు గదా సార్?" అని నన్నే అడిగాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

లోపలికి పోయాక గుర్తొచ్చింది, మూల ఇంట్లో పక్షవాతం వచ్చిన అవ్వ ఉందని. కొడుకూ కోడలూ హైదరాబాద్‌లో పని చేసుకుంటున్నారు. నలుగురు పిల్లగాళ్లు మోకాలు దాటిన నీళ్లలో పోయి నులకమంచంతో సహా మోసుకొచ్చారు. అవ్వ రొమ్ముకు ఒక పాలిథిన్ కవరు హత్తుకొని ఉంది. అందులో ఆధార్ కార్డు, పింఛను కాగితాలు. మనిషి గజగజ వణుకుతోంది, కవరు మాత్రం తడవనియ్యలేదు. అవ్వ బతికింది. కాని మాకు గుర్తొచ్చింది గంట తర్వాత. ఆ గంటలో నీళ్లు ఇంకో మూరెడు పెరిగి ఉంటే ఈ ముచ్చట నేను మీకు వేరేగా చెప్పాల్సి వచ్చేది.

కోనసీమ బిల్లు కలెక్టర్‌ను చూసి వచ్చి ఇరవై ఎనిమిదేళ్లయింది. నా సొంత ఊళ్లో అట్లాంటి పుస్తకం లేదు. తప్పు నాది కూడా.

అందుకే మిమ్మల్ని అడిగేది ఒక నోట్‌బుక్. వంద పేజీల నోట్‌బుక్ చాలు. యాప్ వద్దనను, కాని కరెంటు పోయిన రాత్రి యాప్ తెరుచుకోదు. అందులో ముందు ఎత్తుకుపోవాల్సినవాళ్ల పేర్లు ఉండాలి. మంచంలో ఉన్నవాళ్లు, నిండు గర్భిణులు, డయాలసిస్‌కు పోయేవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు. ఒక్కో పేరు పక్కన, ఆ మనిషిని మోసుకొచ్చే ఇద్దరు యువకుల పేర్లు. మన పాలమూరు ఊళ్లలో సగం ఇళ్లకు ముసలివాళ్లే కాపలా, వయసువాళ్లు ముంబైలోనో, పుణెలోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. కాబట్టి మోసేవాళ్లు ఊళ్లో నిజంగా ఉంటున్నవాళ్లా కాదా అని చూసి రాయండి. ఓటరు లిస్టు చూసి రాస్తే ఆ పుస్తకం పనికిరాదు. పేర్లు ఎవరికి తెలుసంటే అంగన్‌వాడీ టీచరుకు, ఆశకు, మహిళా సంఘం లీడరుకు తెలుసు. కార్యదర్శి తమ్ముళ్లు వాళ్లను కూర్చోబెట్టుకుంటే ఒక్క మధ్యాహ్నం పని. ఆరు నెలలకోసారి దిద్దాలి, ఎందుకంటే గర్భిణి బాలింత అవుతుంది, ముసలాయన పోతాడు, కొత్త కోడలు వస్తుంది.

తర్వాత చెరువు. మనవి గొలుసుకట్టు చెరువులు. పైచెరువు అలుగు పోస్తే కిందిచెరువు నిండుతుంది, పైచెరువు కట్ట తెగితే కిందివి పేకముక్కల్లా వరసగా పోతాయి. పానగల్ ఉదయసముద్రం చెరువు కట్టి వందల ఏళ్లయింది, నిలబడే ఉంది. ఎందుకు నిలబడింది? కట్టినవాళ్ల పనితనం ఒకటి, తరతరాలుగా ఆ కట్ట మీద నడిచిన నీరటి, అంటే చెరువు చూసుకునే మనిషి, కళ్లు ఒకటి. కట్టకు ఎక్కడ ఎలుకబొక్క పడింది, ఎక్కడ చెమ్మ ఊరుతోంది, తూము ఎప్పుడెత్తాలి, అన్నీ నీరటికి తెలుసు. మిషన్ కాకతీయ పథకంలో చెరువుల పూడిక తీశాం, మంచి పని జరిగింది. నీరటిని మాత్రం తిరిగి తెచ్చుకోలేదు. మీ ఊళ్లో ఆ కుటుంబంవాళ్లు ఇంకా ఉంటే, వానకాలం నాలుగు నెలలు ఒక మనిషికి కూలి ఇచ్చి కట్ట మీద తిప్పండి. చిన్న ఖర్చే. ఇంకోటి, పైఊరి సర్పంచ్ నంబరు మీ ఫోన్లో ఉండాలి, కిందిఊరి సర్పంచ్ నంబరు కూడా. పార్టీలు వేరు కావచ్చు, అన్నదమ్ముల్లాంటి పాలివాళ్లతో మాటలు లేకపోవచ్చు. అలుగు పారుతోందని చెప్పడానికి మాటలుండాలి.

మత్తడి కింద కాలువలో ఎవరి ప్లాటుందో, చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో ఎవరి ఇల్లుందో మీకు నాకన్నా బాగా తెలుసు. దాని మీద ఉపన్యాసం ఇవ్వను. కొత్తగా ఇంకొకటి రానివ్వకండి, ఇంటి పర్మిషన్ కాగితం మీ టేబుల్ మీదికే వస్తుంది.

సీసీ రోడ్ల సంగతి మాత్రం గట్టిగానే చెప్తాను. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో ఆరంగుళాలు పోస్తున్నాం. పదేళ్లలో రెండుసార్లు పోస్తే రోడ్డు అడుగు లేచింది, పేదవాడి గడప కిందికి పోయింది. ఇంతకుముందు ఇంట్లోంచి రోడ్డు మీదికి పారే నీళ్లు, ఇప్పుడు రోడ్డు మీంచి ఇంట్లోకి పారుతున్నాయి. ఇది ఆకాశం చేసిన వరద కాదు, మనం బిల్లు చేసిన వరద. ఎస్టిమేట్ వేసే ఇంజినీరును లెవెల్ చూపించమని అడగండి. అడిగే హక్కు మీకుంది. అడగడానికి చదువు అక్కర్లేదు అక్కా, గడప ముందు నిలబడి "నీళ్లు ఎటు పోతాయి సార్?" అంటే చాలు.

తాగునీళ్లు ఇంకో సంగతి. నల్గొండ వాళ్లకు బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఏమిటో చెప్పాల్సిన పని లేదు. మిషన్ భగీరథ పథకం నల్లా నీళ్లు వచ్చాక పాత బోర్లను మరిచిపోయాం. వరదలో పైపులైను తెగితే, మోటార్లు మునిగితే ఏమవుతుంది? మళ్లీ ఆ బోర్ల దగ్గరికే బిందెలు పోతాయి. ఏ బోరు తాగొచ్చు, ఏది వద్దు అన్నది ముందే పరీక్ష చేయించి గోడ మీద రాయించండి. ప్రతి పంచాయతీకి ట్రాక్టరు, ట్యాంకరు ఉన్నాయి. వానకాలం మొదలయ్యేలోపు ట్యాంకరు కడిగించి ఉంచండి. డీజిల్ బాకీ ఉందని బంకువాడు పోయనంటే, ఆ టెన్షన్ వరద రోజు పడేది కాదు.

వరద ఒక రాత్రి వస్తుంది. ఎండ రెండున్నర నెలలు ఉంటుంది. మన జిల్లాల్లో ఎక్కువమందిని మెల్లగా తీసుకుపోతున్నది అదే. 2015 మే ఎండలకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యికి మించి ప్రాణాలు పోయాయి, మన నల్గొండ కూడా బాగా దెబ్బ తిన్నది. వరద అయితే ఫొటో వస్తుంది. ఎండదెబ్బకు పోయిన కూలీ ఇంటికొచ్చి పడుకొని పోతాడు, గుండె ఆగిందంటారు. 2025లో మన ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, పోయినవాళ్ల కుటుంబానికి 4 లక్షల పరిహారం ఇస్తామన్నది. కాని వడదెబ్బేనని తేలాలి కదా? ఆ రోజు ఎక్కడ పని చేశాడు, ఎన్నింటికి పడిపోయాడు, ఎవరు చూశారు, అన్నది కార్యదర్శి అప్పుడే రాసిపెట్టకపోతే, దినాలయ్యాక ఎవరు రుజువు చేస్తారు? ఆ నోట్‌బుక్‌లో దీనికీ ఒక పేజీ పెట్టండి. మన పంచాయతీరాజ్ చట్టంలో, 2018 చట్టంలో, బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలని ఉంది. మొక్కల్లో 85 శాతం బతకాలని కూడా ఉంది. ఆ మొక్కలు వరసగా రోడ్డు పక్కనే పెట్టాలని ఎక్కడా లేదు. రేషన్ షాపు ముందు, బస్టాండ్ దగ్గర, ఐకేపీ కేంద్రంలో రైతు వడ్లు పోసి రోజులకొద్దీ కూర్చునే చోట ఒక వేప, ఒక కానుగ, ఒక చింత నాటండి. మనిషి ఎక్కడ నిలబడతాడో అక్కడ నీడ కావాలి.

ఇదంతా మా పనేనా, కలెక్టర్ పని కాదా అంటారు కొందరు. 2005 విపత్తు నిర్వహణ చట్టం చూడండి. జిల్లా సంస్థకు కలెక్టర్ చైర్మన్ అయితే, స్థానిక సంస్థ నుంచి ఎన్నికైన ప్రతినిధి కో-చైర్మన్. 41వ సెక్షన్ స్థానిక సంస్థల గురించే. సిబ్బందికి శిక్షణ, సామగ్రి సిద్ధంగా ఉంచడం, కట్టే కట్టడాలు ప్రమాణాల ప్రకారం ఉండేట్టు చూడడం, అన్నీ మన మీద పెట్టింది. రాజ్యాంగం 73వ సవరణ పంచాయతీలకు ఇచ్చిన 29 అంశాల్లో విపత్తు అనే మాట లేదు, నిజమే. కాని చిన్ననీటి వనరులు అందులో ఉన్నాయి, తాగునీరు ఉంది, రోడ్లు, మోరీలు, సామాజిక ఆస్తులు ఉన్నాయి. వరద వచ్చేది వీటి మీదికే కదా.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక మహిళా సర్పంచ్: "సార్, నోట్‌బుక్ రాస్తాం. పైసలెక్కడివి? వచ్చేవాటిలో సగానికి ఎక్కువ ఫలానా దానికే పెట్టాలని చెప్పి పంపుతారు.")

మంచి ప్రశ్న అడిగినవ్ అక్కా. 2026 మార్చి దాకా లెక్కకట్టిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికి కట్టిపెట్టినవి, నిజం. అయితే తాగునీటి కింద వాననీటిని ఒడిసిపట్టే పని కూడా వస్తుంది. ఇంకుడుగుంత, బడి పైకప్పు నీళ్లను తొట్టిలోకి మళ్లించడం, ఇవన్నీ అందులో చేయొచ్చు. మిగతా 40 శాతం మీ చేతిలోనిది. అందులోంచి టార్చిలైట్లు, తాళ్లు, ఒక చిన్న మైకు కొనుక్కోవచ్చు. మోరీల పూడిక వానకు ముందు తీయిస్తే అదే పారిశుధ్యం, వాన తర్వాత తీయిస్తే అదే పనికి రెండింతలు పైసలు. గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళిక రాసేటప్పుడు ఈ పనులను ముందుగా అందులో చేర్చండి. చేర్చనిది తర్వాత అడిగితే రాదు.

(ఒక కార్యదర్శి: "సార్, బడివాళ్లు తాళంచెవి మాకు ఇవ్వరు. ఇది మీ బిల్డింగ్ కాదు, బాధ్యత మాది అంటారు.")

వాళ్లను తప్పుపట్టను. బడిలో కంప్యూటర్లుంటాయి, బియ్యం ఉంటాయి, పోతే వాళ్లు జవాబు చెప్పాలి. అందుకని మాటతో అడగొద్దు. గ్రామసభలో తీర్మానం చేయండి. భారీ వాన హెచ్చరిక వచ్చిన రోజు సాయంత్రం ఆరింటిలోపు రెండో తాళంచెవి సర్పంచ్ ఇంట్లో ఉండాలి, తీసుకున్నప్పుడూ ఇచ్చినప్పుడూ రిజిస్టర్లో సంతకం ఉండాలి, స్టోర్ గదికి వేరే తాళం, ఆ చెవి హెడ్‌మాస్టర్ దగ్గరే ఉంటుంది. ఈ నాలుగు వాక్యాలు రాసి, మండల విద్యాధికారికి (ఎంఈఓకు), తహసీల్దార్‌కు ఒక్కో కాపీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మా ఊళ్లో ఇప్పుడట్లాగే చేశాం. తాళం పగలగొట్టిన ఆ పిల్లగాడే చెవి తెచ్చిపెట్టే డ్యూటీ తీసుకున్నాడు. ఆ తీర్మానం నకలు బయట బల్ల మీద పెట్టాను, పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.